కోర్టు గదిలో బొమ్మరైలు

బెన్హర్ మాటకారి కాదు. రాజాంలో ధాన్యం కమీషన్ కొట్టులో కాటా దగ్గర ఏళ్ల తరబడి పని చేస్తున్నాడు. రైతులతో అతను ఇన్నాళ్లూ మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక్క బస్తా నిండదని హమాలీలు నవ్వుకునేవారు. గుప్పెడు వడ్లు తీసుకుని, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, "తడున్నాది" అనో "బాగా ఎండాయి" అనో అనేవాడు. అంతటితో సరి. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు లేపితే, లేచి నిలబడి, ఎర్రబడిపోయి, "దేవుడికి స్తోత్రం" అని కూర్చుండిపోయేవాడు.

పెళ్లయిన కొత్తలో గ్లోరీకి ఇది ముచ్చటగానే ఉండేది. "మా బావ నోట మాట రాదు. రానోడి నోట సెడ్డమాట మాత్రం ఎక్కడొస్తాది?" అని వీధిలో ఆడవాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకునేది. ఆమె నర్సు చదువు చదివింది. పెళ్లయ్యాక ఒక చిన్న క్లినిక్కులో కొన్నాళ్లు చేసి, పాప పుట్టాక మానేసింది. పాపకి జెమీమా అని పేరు పెట్టారు. ఇంట్లో జెమ్మీ.

జెమ్మీ బడికి పోతున్న రోజుల్లో రెండో కాన్పు వచ్చింది. మగబిడ్డ. ఊపిరి లేకుండా పుట్టాడు.

బెన్హర్ బిడ్డను పడుకోబెట్టిన చిన్న పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఆటోలో సమాధుల తోటకి తీసుకెళ్లాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇంటికొచ్చి స్నానం చేసి, మర్నాడు యథాప్రకారం కాటా దగ్గరికి పోయాడు. ఎవరి ముందూ ఏడవలేదు. గ్లోరీ గోడకి తల ఆనించుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చోలేదు. కూర్చోవాలని లేక కాదు. కూర్చుంటే ఏదో ఒకటి అనాలి కదా, ఏమనాలో తెలియక వాకిట్లోకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. గ్లోరీకి లోపలినుంచి కిటికీలోంచి అతని వీపు కనిపించేది. నెలల తరబడి ఆ వీపునే చూసింది.

"మన బాబు పోయాడని నీకు ఏటీ అనిపించనేదా బావా?" అని ఒకరోజు అడిగింది.

అతను తలెత్తి చూశాడు. పెదవులు కదిలాయి. 

"మనిషివేనా నువ్వు? రాయివి!" అంది గ్లోరీ. ఆ వారంలోనే జెమ్మీని తీసుకుని విజయనగరంలో పుట్టింటికి వెళ్లిపోయింది. పెద్దలు కూర్చున్నారు, పాస్టరుగారు రెండుసార్లు బస్సెక్కి వెళ్లి ప్రార్థన చేసి వచ్చారు. ఆమె రాలేదు. అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆ తర్వాత కోర్టు నుంచి కాగితం వచ్చింది.

విడాకుల కేసు నడుస్తున్నంత కాలం పాపను తండ్రికి చూపించాలని జడ్జిగారు ఆర్డరిచ్చారు. పదిహేను రోజులకోసారి శుక్రవారం బడి వదిలాక, విజయనగరం కోర్టు వెనకున్న పిల్లల గదిలో. ఒక గంట.

మొదటి శుక్రవారం బెన్హర్ కొత్త చొక్కా వేసుకుని, మధ్యాహ్నమే రాజాంలో బస్సెక్కాడు. చీపురుపల్లి మీదుగా బస్సు వెళ్తున్నంతసేపూ కూతురితో ఏం మాట్లాడాలో లోపల్లోపలే చెప్పుకున్నాడు. 'ఏటమ్మా, బాగున్నావా? బడికి ఎల్తన్నావా? నానమ్మ నిన్ను తలుసుకుంటన్నాది.' బాగానే ఉన్నాయి మాటలు. వాటిని మళ్లీ మళ్లీ అనుకున్నాడు.

పిల్లల గది అంటే పాత రికార్డుల గదికి రంగు వేసిందే. గోడ మీద ఎవరో ఏనుగు బొమ్మ గీశారు, తొండం కిటికీ దాకా పోయి ఆగిపోయింది. కింద పరిచిన రబ్బరు చాప అంచులు ఊడిపోయి ఉన్నాయి. ఒక మూల ఎవరెవరో ఇచ్చిన బొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద అటెండరు కూర్మయ్య కూర్చుని ఉంటాడు. తాళం అతని మొలతాడుకి వేలాడుతుంటుంది.

గ్లోరీ పాపను గుమ్మం దాకా తెచ్చి వదిలి, వరండాలో బెంచీ మీద కూర్చుంది. బెన్హర్ వైపు చూడలేదు. జెమ్మీ లోపలికొచ్చి, తండ్రికి వీపు పెట్టి బొమ్మల మూల కూర్చుంది. పొడవెదిగింది. జడలకి బడి రిబ్బన్లు.

"ఏటమ్మా, బాగున్నావా?" అన్నాడు బెన్హర్.

జెమ్మీ తల తిప్పలేదు. మిగతా మాటలు గొంతులోనే ఉండిపోయాయి. ఆ గంటంతా కూతురి వీపు చూస్తూ కూర్చున్నాడు. తెచ్చిన మరమరాల ఉండల పొట్లం చాప మీద అలాగే ఉండిపోయింది.

ఆ బొమ్మల గుట్టలో ఒక రైలు ఉంది. నీలం రంగు ప్లాస్టిక్ పట్టాలు, ఎర్ర ఇంజిను, వెనక రెండు పెట్టెలు. పట్టాలు పెద్ద గుండ్రంగా కలుస్తాయి. ఒకచోట మాత్రం చీలిపోయి, ఒక పాయ గుండ్రంగా సాగితే ఇంకో పాయ లోపలికి మళ్లి, చిన్న స్టేషను బొమ్మ ముందునుంచి పోయి, అవతల మళ్లీ కలుస్తుంది. కూర్మయ్య కొత్త బ్యాటరీ వేసి ఉంచాడు. రెండోసారి వచ్చినప్పుడు జెమ్మీ ఆ రైలు ముందు కూర్చుంది. బొత్తాం నొక్కితే ఇంజిను గుర్రుమంటూ బయలుదేరింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలు లోపలికి, వెనక చక్రాలు బయటికి పోయి, పక్కకి ఒరిగి పడింది. పడ్డాక కూడా చక్రాలు గాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

"పడిపోనాది," అంది జెమ్మీ. తండ్రితో కాదు, తనలో తానే.

అయినా బెన్హర్ చెవికి ఆ మాట చాలా కాలానికి వినబడిన కూతురి మాట. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, ఇంజిను లేపి పట్టాల మీద పెట్టాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ అక్కడే పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. ఏం చేస్తే పడకుండా ఉంటుందో అతనికి తెలియలేదు. బస్తా తూకం తెలుసు, గింజలో తడి తెలుసు గానీ, ఇలాంటి వస్తువు జన్మలో పట్టుకోలేదు. చీలిక దగ్గర సన్నటి ప్లాస్టిక్ నాలికలాంటిది ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. అది ఊగకుండా చూపుడు వేలితో ఒక పక్కకి నొక్కి పట్టాడు. రైలు ఈసారి పడకుండా పోయింది.

జెమ్మీ తల తిప్పి అతని వేలి వైపు చూసింది.

"నువ్వు ఏలు తీసేస్తే పడిపోతాది," అంది.

"తియ్యనమ్మా," అన్నాడు. గంట అయిపోయేదాకా తీయలేదు. మోకాళ్లు మొద్దుబారిపోయాయి, నడుం పట్టేసింది. కూర్మయ్య తాళం గలగలలాడించాక గానీ లేవలేదు.

బయటికొచ్చి కూర్మయ్యను అడిగాడు. "ఆ సీలిక ముక్క ఒకటి ఇస్తే ఇంటికి తీసుకెల్లి బాగుసేసుకొస్తాను."

"అమ్మో! కోర్టు సామాను నాయినా. పుల్లముక్క కూడా బైటికి పోకూడదు. నా ఉద్యోగం మీదికొస్తాది," అన్నాడు కూర్మయ్య. మంచివాడే, కానీ భయస్తుడు.

తర్వాతి వారం బెన్హర్ రాజాం బజారులో బొమ్మల కొట్టు ముందు చాలాసేపు తచ్చాడాడు. చివరికి లోపలికెళ్లి, పట్టాలు చీలే రైలు కావాలన్నాడు. కొట్టు సూరయ్య పైఅరలోంచి పెట్టె దింపి, దుమ్ము దులిపి చూపించాడు. అలాగే కార్లవి కూడా ఉన్నాయంటూ ఇంకో పెట్టె విప్పాడు. అందులో నల్లటి రోడ్డు ముక్కలు, నడుమ సన్నటి గాడి. కారు అడుగున ఒక మేకులాంటి ముక్క ఉంది. అది గాడిలో కూర్చుంటుంది.

"సూడు బాబూ, సక్రాలు ఉత్తినే తిరుగుతాయంతే. గాడి ఎటుపోతే కారు అటుపోతాది. ఇక్కడ రెండు గాళ్లు సీలాయి కదా, ఈ రెక్క ఇటు తిప్పితే మేకు ఇటు పోతాది, అటు తిప్పితే అటు. పిల్లలు మాత్రం కారే తిరిగిందనుకుంటారు," అన్నాడు సూరయ్య.

బెన్హర్ రైలు పెట్టె కొనుక్కుని ఇంటికి పోయాడు. తల్లి లీలారాణి వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కొడుకు నట్టింట్లో చాప తీసేసి, గచ్చు మీద నీలం పట్టాలు కలుపుతుంటే నోరు తెరుచుకుని చూసింది.

"ఇదేటిరా? నీకేమైనా మతిపోనాదా? ఈ వయసులో బొమ్మలాటలేటి?"

"జెమ్మీకి," అన్నాడు.

"అది ఇక్కడ నేదు కదరా?"

"అక్కడొకటి ఉన్నాది. పడిపోతన్నాది. ఎందుకు పడిపోతన్నాదో తెలుసుకోవాలి."

 కాసేపటికి ఆమె చేట పక్కన పెట్టి, తనూ వచ్చి కింద కూర్చుంది.

కొత్త సెట్టులో రైలు పడలేదు. చీలిక దగ్గరున్న మీట ఎడమకి నెడితే నాలిక కుడి గాడిని మూసేసింది, రైలు ఎడమకి పోయింది. కుడికి నెడితే ఎడమ గాడి మూసుకుంది, రైలు కుడికి పోయింది. బెన్హర్ ఆ ముక్కను తీసి తిరగేసి చూశాడు. మీట అడుగున ఆవగింజంత బొడిపె ఉంది. మీట తిప్పినప్పుడల్లా అది ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి టక్కుమని కూర్చుంటోంది. అలా కూర్చోబట్టే నాలిక కదలకుండా ఒక పక్కకి అతుక్కుని ఉంటోంది. కోర్టులో ఉన్నదానికి బొడిపె అరిగిపోయి ఉంటుంది. నాలిక నడిమధ్యలో ఊగితే చక్రాలు తలో దారీ పడతాయి.

తల్లి మీట జోలికి పోకుండా, రైలును చేత్తో పట్టుకుని అవతలివైపునుంచి నడిపించింది. రెండు పాయలు వచ్చి కలిసే వైపు నుంచి. ఏ పాయలోంచి వచ్చినా చక్రాలే నాలికను పక్కకి తోసుకుని, ఒక్క దారిలోకి వచ్చేశాయి.

"ఇటునుంచొస్తే మీట తిప్పక్కర్నేదురా," అందామె.

"కలిసేకాడ అక్కర్నేదమ్మా. ఇడిపోయేకాడే ముందుగాల సూసుకోవాలి," అన్నాడు బెన్హర్.

లీలారాణి కొడుకు ముఖం వైపు ఒకసారి చూసి, లేచి వంటింట్లోకి పోయింది.

శుక్రవారం బెన్హర్ చీపురుపల్లిలో బస్సు దిగి, స్టేషను కాలిబాట వంతెన ఎక్కాడు. ఎందుకు ఎక్కాడంటే చెప్పలేడు. కిందనుంచి ఒక గూడ్సు వచ్చి, నెమ్మదిగా పక్క లైనులోకి మళ్లి ఆగింది. పెద్ద రైలుకీ అదే సంగతి. ఇనుప నాలిక ముందే జరిగి ఉంది. ఇంజిను దాని ప్రకారం వంగి పోయింది, వెనక పెట్టెలన్నీ మారు మాట లేకుండా వెంటపోయాయి. అంత పెద్ద ఇంజినుకి, అంత చప్పుడు చేస్తూ వచ్చినదానికి, ఎటు పోవాలన్నది దాని చేతిలో లేదు. బెన్హర్ కమ్మీ పట్టుకుని, ఆ పెట్టెలన్నీ దాటేదాకా చూసి, తర్వాతి బస్సెక్కాడు.

జేబులో సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్క ఉంది. పిల్లల గదిలో చీలిక ముక్క తిరగేసి, మీట అడుగున ఆ రబ్బరు దూర్చాడు. మీట బిగుసుకుంది. ఎటు తిప్పితే అటే నిలబడింది.

రైలు స్టేషను ముందునుంచి పోయింది. పడలేదు. జెమ్మీ నోరు తెరిచి చూసింది. మీట తనే తిప్పింది. ఈసారి పెద్ద చుట్టు తిరిగింది. పడలేదు.

"దీనికెలా తెలుస్తాది నాన్నా, ఎటెల్లాలో?"

నాన్నా అంది. బెన్హర్ చీలిక ముక్క మీద వేలు పెట్టి చూపించాడు.

"దానికి తెలీదమ్మా. ఇదుగో, ఈ నాలిక సెప్తాది."

"నాలిక నోట్లో ఉంటాది కదా?"

"ఇది పట్టాల నాలిక."

జెమ్మీ తన నాలిక బయటికి చాపి, వేలితో అటూ ఇటూ నెట్టి చూపించింది. బెన్హర్ కూడా చాపాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. ఏమైందోనని కూర్మయ్య లోపలికి తొంగిచూశాడు.

ఆ రోజు ఆ పిల్ల ఆడని ఆట లేదు. ఇంజిను దాటిపోయాక పెట్టెలు ఇంకా రాకుండానే మీట తిప్పేసింది. ఇంజిను ఒక దారి, పెట్టెలు ఇంకో దారి పట్టి, నడుమ కొక్కెం సాగి మూడూ బోర్లా పడ్డాయి.

"అలా మద్దెలో తిప్పకూడదమ్మా. ఎనకోల్లు కూడా దాటేదాకా ఆగాలి," అన్నాడు బెన్హర్.

"ఎనకోల్లు ఎవరు?"

"పెట్టెలు."

జెమ్మీ బుద్ధిగా తలూపింది. ఒక్కసారిగా లేచి బయటికి పరిగెత్తి, తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "అమ్మా, రా! నాన్న బాగుసేశాడు. సూడు!"

గ్లోరీ గుమ్మం దగ్గర నిలబడింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల బట్టలు, కళ్ల కింద అలసట. రైలు తిరుగుతుంటే చూసింది. ఒక చుట్టు, రెండు చుట్లు. బెన్హర్ మోకాళ్ల మీదున్నవాడు అలాగే ఉండిపోయాడు. వాళ్లు ముగ్గురూ ఒక గదిలో ఉండి ఏడాది దాటింది.

"మనింటికెల్లిపోదామా?" అంది జెమ్మీ. "మన ముగ్గురమూ? రాజాం?"

రైలు ఇంకో చుట్టు తిరిగింది. గ్లోరీ చూపు ఏనుగు బొమ్మ మీదికి పోయింది. బెన్హర్ నోరు తెరిచాడు. అప్పుడే కూర్మయ్య, ఎవరి ముఖమూ చూడకుండా, "టైమైపోనాదమ్మా," అన్నాడు. అతను ఆ మాట ఎప్పుడూ అంత నెమ్మదిగా అనలేదు.

ఆ తర్వాత శుక్రవారాలు బాగానే గడిచాయి. బెన్హర్ వాటి కోసమే బతికాడనాలి. జెమ్మీ బడి కబుర్లు చెప్పేది, అతను వినేవాడు. వినడం అతనికి బాగా వచ్చు. ఒక శుక్రవారం గంట అయ్యాక, గ్లోరీ పాపను వాకిట్లో ఉండమని, వరండాలో అతని దగ్గరికొచ్చింది.

"నాకు హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. జెమ్మీని కూడా తీసుకెల్తన్నాను. బడి కూడా సూశాను. కోర్టుని అడగాలంట, నువ్వేటంటావో సెప్పాలంట," అంది.

అతను వాకిట్లో ఉన్న పాప వైపు చూశాడు.

"ఏటోటి సెప్పు."

"ఎప్పుడు?" అన్నాడు.

గ్లోరీ ఒక నిట్టూర్పు విడిచి, పాపను తీసుకుని వెళ్లిపోయింది.

ప్లీడరు గట్టిగా అడ్డు చెప్పమన్నాడు. తల్లి లీలారాణి మాత్రం ఒకసారి అడ్డు చెప్పమంది, ఇంకోసారి, "దాని ఉద్యోగం దాని పొట్టకూడురా, మనం దాని కాళ్లకి అడ్డం పడితే పాపకి ఏటి మిగుల్తాది?" అంది. బెన్హర్ ఏదీ తేల్చుకోలేకపోయాడు. కాటా దగ్గర కూర్చుని వడ్ల గింజ కొరికి, ఎండిందో లేదో చెప్పడం మరిచిపోయి, ఎదురుగా ఉన్న రైతు మొహం చూస్తూ ఉండిపోయేవాడు.

వాయిదా రోజు జడ్జిగారు అతన్ని పిలిచి, మెత్తగానే అడిగారు. "మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి."

బెన్హర్ బోనులో కర్ర పట్టుకున్నాడు. ప్లీడరు నేర్పిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "పాపని సూడకుండా ఉండలేనండి," అన్నాడు. అంతే వచ్చింది. తర్వాత, "ఆళ్లమ్మ దాన్ని బాగా సూస్తాదండి. అందులో నాకు అనుమానం నేదు," అన్నాడు.

ప్లీడరు తల పట్టుకున్నాడు. పాప తల్లితో వెళ్లవచ్చనీ, ఆదివారాలు ఫోనులో వీడియోలో మాట్లాడించాలనీ, సెలవుల్లో తండ్రి వెళ్లి చూడవచ్చనీ ఉత్తర్వు అయింది. తప్పు తీర్పని ఎవరూ అనలేరు. బెన్హర్ కూడా అనలేదు. నిజం చెప్తే ఇలా కూడా జరుగుతుందని మాత్రం అతనికి ముందు తెలియదు.

బయట స్కూటర్లు పెట్టేచోట గ్లోరీ తాళం చెవి వెతుక్కుంటోంది. బెన్హర్ ఆమె దగ్గరికి నడిచి వెళ్లాడు. అలా తనంత తానుగా వెళ్లడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆ పెట్టి," అన్నాడు.

"ఏ పెట్టి?"

"బాబుది. బరువే నేదు గ్లోరీ. వొళ్లో ఉన్నట్టే నేదు. దారి గతుకులు కదా, ఆటో ఎగిరినప్పుడల్లా లోపల ఆడికి దెబ్బ తగుల్తాదేమోనని రెండు సేతుల్తో అదిమి పట్టుకున్నాను. తగలదని తెలుసు. అయినా పట్టుకున్నాను. మన్ను కప్పినాక సేతులు ఏటి సెయ్యాలో తెలీనేదు. ఇప్పటికీ తెలీదు."

గ్లోరీ స్కూటరు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడింది. కన్నీళ్లు జారి గడ్డం కిందికి పోతున్నా తుడుచుకోలేదు.

"ఇది అప్పుడు సెప్పుంటే బావా..." అంది.

"మాట రానేదు."

"ఒక్క మాట. ఇందులో సగం మాట సెప్పుంటే నాను ఇల్లు దాటుదునా?" ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను ఈసారి పక్కకి పోలేదు, అక్కడే నిలబడ్డాడు. ఆమె చివరికి ముఖం తుడుచుకుని, "ఇప్పుడు నాలో ఓపిక నేదు. ఉన్న ఓపికంతా అటే పెట్టేశాను. ఎనక్కి తిరగలేను," అంది. కోపంగా అనలేదు. స్కూటరు తీసింది. రోడ్డు మలుపులో ఒకసారి ఆగింది. వెనక్కి వస్తుందేమో అనుకున్నాడు. లారీ అడ్డమొస్తే ఆగింది, అది పోగానే వెళ్లిపోయింది.

ఆఖరి శుక్రవారం జెమ్మీ రైలును తనతో తీసుకెళ్తానంది. కూర్మయ్య ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "కోర్టుదమ్మా. ఎవులికీ ఇవ్వకూడదు తల్లీ," అని బతిమాలుకున్నాడు. ఇంట్లో ఉన్న కొత్త సెట్టు తెచ్చివ్వనా అని బెన్హర్ అడిగాడు. అది వద్దంది. ఇదే కావాలంది. అయినా ఏడవలేదు. కాసేపు ఆలోచించి, పెద్దదానిలా చెప్పింది.

"నాలిక మళ్లీ ఊగితే నువ్వొచ్చి బాగుసెయ్యి నాన్నా. ఏరే పిల్లలు ఆడుకుంటారు కదా."

"అలాగేనమ్మా," అన్నాడు. పాప వెళ్లిపోయాక ఆ గదిలోకి తనను రానివ్వరని అతనికి తెలుసు. కూర్మయ్యకీ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

జెమ్మీ వెళ్లి రెండేళ్లు కావస్తోంది. బెన్హర్ వేసవి సెలవుల్లో ఒకసారి హైదరాబాదు వెళ్లి చూసి వచ్చాడు. మిగతా రోజుల్లో ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోను ముందు కూర్చుంటాడు. తల్లి పక్కన పీట వేసుకుంటుంది. మొదట్లో జెమ్మీ ఫోను పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించేది, బడి కబుర్లు వదలకుండా చెప్పేది. రానురాను మాటలు తగ్గాయి. ఆ పిల్ల తప్పు లేదు, ఎదుగుతోంది. బొమ్మలు అడగడం మానేసింది, బాడ్మింటన్ ఆడుతోంది.

మొన్న ఆదివారం ఫోను తొందరగానే కలిసింది.

"ఏటమ్మా, ఏటి సేస్తన్నావు?" అన్నాడు బెన్హర్.

"ఏంటి డాడీ? సరిగ్గా వినిపిస్తలేదు," అంది జెమ్మీ.

"ఏటి సేస్తన్నావని."

"ఏటి కాదు డాడీ, ఏంటి అనాలి. మా ఫ్రెండ్స్ నవ్వుతరు," అని తనే నవ్వింది. పక్కన ఎవరో పిల్లలు ఉన్నారు, వాళ్లూ నవ్వారు. "నేను ఆడుకోవడానికి పోవాలె. మళ్లీ మాట్లాడత. బై డాడీ. బై నానమ్మా."

ఫోను నల్లబడింది. తెర మీద బెన్హర్ ముఖమే కనిపించింది. అతను దాన్ని చొక్కా అంచుతో తుడిచి, కిటికీలో పెట్టాడు.

లీలారాణికి చెవులు సరిగా వినబడవు. "ఏటన్నాదిరా పిల్ల?" అని అడిగింది.

"బాగున్నాదంట," అన్నాడు బెన్హర్.